ఎదురు రాకూడదని గ్రిఫిత్ దాకా

సోమవారం ఉదయం ఆరింటికి సిడ్నీ శివారులోని క్వేకర్స్ హిల్ స్టేషన్లో లోకల్ రైలెక్కాను. చేతిలో చిన్న సూట్‌కేసు, భుజాన సంచీ. సంచీలో చపాతీలు, మాగాయ సీసా, నాలుగు అరటిపళ్ళు, ఒక నోటుపుస్తకం. ఈ వయసులో ఒంటరిగా ఎక్కడికమ్మా అని అడిగిన వాళ్ళందరికీ ఒకటే సమాధానం చెప్పాను. గ్రిఫిత్ అనే ఊళ్ళో ఇటలీ వాళ్ళు ఎక్కువ, వాళ్ళ నోట ఒక మాట వినాలి. ఆ మాట ఫోర్తూనా.

అది పూర్తిగా అబద్ధం కాదు. గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో ఇరవై ఆరేళ్ళు ఫ్రెంచి పాఠాలు చెప్పి, పోయినేడే రిటైరైన దాన్ని. మాటలు ఏరుకోవడం నాకు చీరలు ఏరుకోవడం కన్నా ఇష్టం. అదృష్టానికి లాటిన్లో ఉన్న ఆ మాట దాని పిల్ల భాషలన్నింటిలోకీ వెళ్ళింది. ఒక్కో ఇంట్లో ఒక్కో స్వభావం తెచ్చుకుంది. ఫ్రెంచివాళ్ళ దగ్గర అది ఆస్తిపాస్తులైంది. సిడ్నీలోనే పీటర్షామ్ బజార్లో పోర్చుగీసు బేకరీ ఆవిడను అడిగితే, ఫోర్తూనా అంటే బోలెడు డబ్బమ్మా, నా దగ్గర లేనిది, అంది. ఇటలీ వాళ్ళు మాత్రం ఆ మాటని ఇంకా అదృష్టమనే వాడతారని పుస్తకాల్లో చదివాను, చెవులతో వినలేదు.

అయినా అసలు కారణం వేరు. అది చెప్పకుండా దారిఖర్చులూ రైలు వేళలూ రాస్తే ఈ యాత్రకి అర్థం లేదు.

మా తమ్ముడు ప్రసాదు రెండేళ్ళ కిందట వైటూకే పనిమీద సిడ్నీ వచ్చాడు. ఒక బీమా కంపెనీ కంప్యూటర్లలో సంవత్సరానికి రెండంకెలున్న చోటల్లా నాలుగంకెలు పెట్టడం వాడి పని. రెండువేల సంవత్సరం వచ్చింది, ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం వాడి పనితనం. ఏమీ జరగలేదు గనకనే జనవరి చివర వాడి పని పోయింది. వీసా ఆ ఉద్యోగంతో ముడిపడి ఉంది. నెల తిరక్కుండా ఇంకో కంపెనీ తీసుకోకపోతే పెళ్ళాన్నీ పిల్లనీ తీసుకుని దేశం వదలాలి. నేను బయల్దేరే నాటికి ఇంకా పది రోజులు మిగిలాయి.

నేను వాళ్ళని చూడ్డానికి నవంబరులో వచ్చాను. వాడి మొదటి ఇంటర్వ్యూ రోజున ఉతికిన బట్టల బుట్ట పట్టుకుని వీధి గుమ్మంలోంచి లోపలికొస్తున్నాను. సరిగ్గా అప్పుడే వాడు బూట్లు వేసుకుని బయటికి అడుగుపెట్టాడు. ఎదురుపడ్డాం. మా ఆయన పోయి పదకొండేళ్ళయింది. భర్త లేని ఆడది ఎదురు రావడమంటే ఏమిటో తెలుగువాళ్ళకి నేను వివరించనక్కర్లేదు. ఆ ఉద్యోగం రాలేదు.

రెండో ఇంటర్వ్యూకి బట్టలుతికే గదిలో దాక్కున్నాను. మా మేనకోడలు హారికకి ఆరేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. అది తలుపు తీసి, "అత్తా, వై ఆర్ యూ హైడింగ్?" అంది. దాగుడుమూతలన్నాను. అది సంబరపడిపోయి ఇల్లదిరేలా పదిదాకా లెక్కపెట్టింది. ఆ ఉద్యోగమూ రాలేదు. మూడోసారి స్నానాలగదిలో గడియ వేసుకున్నాను. అదీ పోయింది. మరదలు సునీత ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే నాకు ముల్లులా గుచ్చుకుంది.

నాలుగోది మెల్‌బోర్న్‌లో, గురువారం పదింటికి. ప్రసాదు బుధవారం మధ్యాహ్నం విమానానికి వెళ్ళాలి. నేను కూర్చుని లెక్క వేశాను. సోమవారం వెళ్ళి బుధవారం రాత్రి ఎనిమిదింటికి తిరిగొస్తే, వాడు గుమ్మం దాటే వేళకి నేను ఇంట్లో ఉండను సరికదా, ఆ చుట్టుపక్కల కూడా ఉండను. ఫోర్తూనా అనే సాకు అప్పుడు పనికొచ్చింది.

సెంట్రల్ స్టేషన్ చేరేసరికి ఏడు దాటింది. ఒలింపిక్స్ కోసం ఎక్కడ చూసినా తవ్వకాలే. మీరు వెళ్తే సూచికలను నమ్మకుండా ఎవరినైనా అడగండి. మెల్‌బోర్న్ రైలు ఏడూ నలభైకి కదిలింది. నాకు కిటికీ సీటు దొరికింది. రైల్లో టీ బాగుంటుంది. శాకాహారులకి బిస్కట్లూ, జున్ను పెట్టిన రొట్టే తప్ప ఏమీ లేవు కాబట్టి ఇంటి నుంచి తెచ్చుకోవడం మేలు. పది దాటాక గౌల్‌బర్న్ వచ్చింది. అక్కడినుంచి ఎండిన గడ్డి, గొర్రెలు, మళ్ళీ ఎండిన గడ్డి.

పక్క సీట్లో చిలీ దేశపు పెద్దావిడ రోసా ఊలు అల్లుకుంటోంది. వాగ్గాలో కూతురి కాన్పుకి వెళ్తోందట. చపాతీ పెడితే మొహమాటపడకుండా తింది. వాళ్ళ స్పానిష్ భాషలో ఫోర్తూనా సంగతి అడిగాను. "అది భూస్వాముల మాట. మాలాంటి వాళ్ళం సువెర్తే అంటాం," అంది. అదీ లాటిన్ బిడ్డే, చీటీలు వేసి పంచుకునే వాటా అన్న మాటలోంచి పుట్టింది. మనవడే పుట్టాలని కోరుకుంటున్నావా అని నేను మన ధోరణిలో అడిగితే, ఆవిడ అల్లిక ఆపి నా వంక జాలిగా చూసింది. నోరు మూసుకుని నోటుపుస్తకం తెరిచాను.

ఒంటిగంటకి కాస్త ముందు కూటమండ్రాలో దిగాను. ఎర్ర ఇటుకల స్టేషను, చక్కగా ఉంది. గ్రిఫిత్ వాళ్ళకి ఇక్కడే బస్సు కలుస్తుంది. టికెట్టు రైలుదీ బస్సుదీ కలిపే ఇస్తారు. డ్రైవరు దిమిత్రు రొమేనియా మనిషి, మీసాలన్నీ తెల్లబడ్డాయి. గంట ప్రయాణం అయ్యాక ఒక చోట బస్సు ఆపి, పళ్ళుంటే ఇక్కడే తినేయండి, ముందు నిషేధం, అని ప్రకటించాడు. పళ్ళ ఈగ తోటల్లోకి రాకుండా కాపలా అట. రోడ్డు పక్కన పళ్ళు పారేయడానికి డబ్బా కూడా పెట్టారు. కొని తెచ్చిన అరటిపళ్ళు పారెయ్యడానికి నాకు చేతులు రాలేదు. రెండు తిన్నాను, ఒకటి ముందు సీటు ఆవిడకిచ్చాను, ఒకటి దిమిత్రుకిచ్చాను.

పండు తింటూ ఆయన నా పుస్తకంలోకి తొంగిచూశాడు. చెప్పాను. తమ భాషలోనూ ఆ మాట ఉందన్నాడు, కాకపోతే ఫుర్తూనా అంటే అదృష్టం కాదు, తుఫాను. పడవల మీద బతికేవాళ్ళ నోళ్ళలో పడి వచ్చిన మాట అలా మారింది కాబోలు. దివిసీమ ఉప్పెన ఏడాది మా ఆయన సహాయానికి వెళ్ళి, వారం తరవాత మాట పడిపోయిన మనిషిలా తిరిగొచ్చారు. సముద్రం మీంచి వచ్చే అదృష్టం ఎలాంటిదో కోస్తా వాళ్ళకి ఎవరూ నేర్పనక్కర్లేదు. దిమిత్రు తొక్కని డబ్బాలో వేసి బస్సు తీశాడు.

నాలుగు దాటాక కళ్ళు నలుపుకుని చూశాను. గోధుమ కోసేసిన మోళ్ళు పోయి కాలవలు వచ్చాయి, కాలవల పక్కన వరి. నిజంగా వరి, పొట్ట మీదున్న పచ్చని వరి. పక్క సీటు ఖాళీగా ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఎవరో ఒకరి భుజం పట్టుకుని కుదిపేసేదాన్నే. ఇంత దూరం వచ్చి మా వూరి గట్టు చూస్తానని నేననుకోలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గ్రిఫిత్‌లో బస ఇటలీ నుంచి వచ్చి స్థిరపడ్డ ఆస్సుంతా గారింట్లో. సునీత పనిచేసే పిల్లల బడిలో ఆవిడ మనవరాలు కూడా పనిచేస్తుంది, ఆ పిల్లే మాట్లాడి పెట్టింది. ఆస్సుంతాకి డెబ్బై ఎనిమిదేళ్ళు. నల్ల గౌను, నల్ల మేజోళ్ళు, జుట్టుకి నల్ల గుడ్డ. భర్త పోయి పందొమ్మిదేళ్ళయినా నలుపు మానలేదు. ఊరికి ఆరు మైళ్ళ దూరంలో ద్రాక్షతోట, తోట మధ్యలో ఇల్లు. కొడుకు మారియో తోట చూసుకుంటాడు. ఆవిడ ఇంగ్లీషు ముక్కలుముక్కలు, నా ఇటాలియన్ ఫ్రెంచికి తోక తగిలించినట్టుంటుంది. అయినా వంటింట్లో ఇద్దరాడవాళ్ళకి భాష అడ్డమా? వంకాయ కూర నేను చేశాను, మొక్కజొన్న పిండి సంకటి ఆవిడ కలిపింది. మాగాయ ఒక వేలితో నాకి చూసి, లేచి నీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి నాకింది.

ఆ ఇంట్లో ఫోర్తూనా రోజుకి పదిసార్లు వినపడుతుంది. కోత ముందు వాన పడనందుకు ఫోర్తూనా, ట్రాక్టరు ఒక్క కుదుపులో కదిలినందుకు ఫోర్తూనా. అంటే డబ్బేనా అని అడిగితే ఆస్సుంతా నవ్వి, డబ్బు ఉంటే ఈ వయసులో కోళ్ళకి మేత వేస్తానా, అంది. పుస్తకంలో రాసుకున్నాను. వచ్చిన పని పది నిమిషాల్లో అయిపోయింది.

మంగళవారం ఆరున్నరకి మారియో తలుపు తట్టాడు. ఆ రోజు కోత మొదలు. కోసేదంతా ఇంటంత యంత్రమే, మొదటి గుత్తి మాత్రం చేత్తో కోస్తారు. పనివాళ్ళు, మారియో భార్యా పిల్లలు వరస మొదట నిలబడ్డారు. నల్ల గౌనులో ఆస్సుంతా చిన్న కత్తెర పట్టుకుని ముందుకు నడిచింది. గుత్తి కోసింది. యంత్రం ఎదురుగా వెళ్ళి, దాని ముందు భాగానికి ఆ గుత్తి తాకించి, పక్కకి తప్పుకుంది. అప్పుడు మారియో యంత్రం కదిల్చాడు.

మొత్తం కుటుంబం ఏడాది కష్టం ఆ వరసల్లో ఉంది. దాని ముందు భర్త పోయిన మనిషిని నిలబెట్టారు. మధ్యాహ్నం పళ్ళాలు కడుగుతూ అడిగాను, మా దేశంలో నాలాంటి వాళ్ళని ఇలాంటప్పుడు లోపల ఉండమంటారని. ఆవిడకి అర్థమవడానికి చాలా సేపు పట్టింది. నేను కీడు తెస్తానని వాళ్ళ భయమని చేతులతో కూడా చెప్పాను. ఆస్సుంతా పళ్ళెం పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

"నాకు జరగాల్సిన కీడు జరిగిపోయింది. ఇంకొకళ్ళకి ఇవ్వడానికి నా దగ్గర కీడెక్కడుంది? మిగిలింది మంచే," అంది.

బాగుంది అనుకున్నాను. అనుకోవడం వేరు. బుధవారం పొద్దున ఏడున్నరకి మారియో నా సూట్‌కేసు వ్యానులో పెట్టాడు. నేను మెట్టు దిగబోతుంటే ఆస్సుంతా కోళ్ళ దొడ్డి వైపు నుంచి నాకు ఎదురుగా వచ్చింది, నల్ల బట్టల్లో, గుడ్లు చేత్తో పట్టుకుని. నా కాలు ఆగిపోయింది. మెట్టు మీదే ఆగిపోయింది. ఎదురు వస్తోంది, ఒక్క క్షణం కూర్చుని మంచినీళ్ళు తాగి బయల్దేరాలి అని నా ఒళ్ళు దానంతటదే వెనక్కి తగ్గింది.

పదకొండేళ్ళు ఎవరు నన్ను ఎలా చూశారని ఏడ్చానో, అలాగే నేను ఆవిడని చూశాను. నాకు అన్నం పెట్టి పక్క వేసిన మనిషిని. ఆవిడకేమీ తెలియదు. గుడ్లు బుట్టలో పెట్టి రెండు చెంపల మీదా ముద్దుపెట్టి, బస్సులో తినమని రొట్టె ఇచ్చింది. సిగ్గుతో ఆవిడ మొహం సరిగా చూడలేకపోయాను. మాగాయ సీసా ఆవిడ చేతిలో పెట్టి వ్యానెక్కాను.

బస్సు ఎనిమిదిన్నరకి. డ్రైవరు వేరే అతను, మాటకారి కాదు. దారంతా నేనూ మాట్లాడే స్థితిలో లేను. వరి దాటిపోయింది, చూడనే లేదు. ఇంటి దగ్గర ఈపాటికి ప్రసాదు చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ ఉంటాడనుకున్నాను. నాలుగింటి విమానం. నేను ఇల్లు చేరేసరికి వాడు మెల్‌బోర్న్‌లో ఉంటాడు. ఈసారైనా కుదరాలని, హారిక ఈ దేశం వదలకుండా ఉండాలని, తెలిసిన దేవుళ్ళకందరికీ మొక్కాను.

పన్నెండున్నరకి కూటమండ్రాలో దిగాను. సిడ్నీ రైలు రెండున్నరకి. టీ కొనుక్కుని ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాను. ఒంటిగంటకి ఐదు నిమిషాలుందనగా మెల్‌బోర్న్ వెళ్ళే రైలు వచ్చి ఆగింది. నలుగురైదుగురు దిగారు. వాళ్ళలో ఇస్త్రీ చొక్కా వేసుకుని మా తమ్ముడు.

చూడగానే నేను చేసిన పని చెప్పుకోవాలంటే సిగ్గేస్తోంది. టీ బెంచీ మీద వదిలేసి వెయిటింగ్ రూములోకి దూరబోయాను.

"అక్కా, ఆగు," అన్నాడు ప్రసాదు. పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

విమానం టికెట్టు ఏమైందని అడిగాను. అది సోమవారమే వదిలేశారట. ఫ్రిజ్ మీద నేను పెట్టి వెళ్ళిన రైలు వేళల కాగితం చూసి, వదిన ఒంటిగంటకి ఆ ప్లాట్‌ఫారం మీదే ఉంటుందని సునీత లెక్కకట్టి, తనే వెళ్ళి ఈ రైలుకి టికెట్టు కొన్నదట. స్నానాలగదిలో గడియ ఎందుకు పడిందో తనకి మొదటి నుంచీ తెలుసట. అడిగితే నేను చిన్నబోతానని ఊరుకుందట. నేను ఆ పిల్ల మౌనాన్ని ఇన్నాళ్ళూ తప్పుగా చదువుకున్నాను. భాషలు నేర్పిన దాన్నని పెద్ద పేరు.

"నేను హైదరాబాదు ఉద్యోగానికి వెళ్ళిన రోజు గుర్తుందా? బావ పోయి ఆర్నెల్లు కూడా కాలా," అన్నాడు. "నాకు చదువు చెప్పి ఆ ఉద్యోగం తెప్పించింది నువ్వు. అమ్మ నిన్ను వంటింట్లో ఉండమంది. నేను లోపలికొచ్చి నీతో ఒక్క మాట చెప్పలా. నోరు మూసుకుని రిక్షా ఎక్కా. ఆ రోజు నుంచి నాకు నిద్రలో కూడా ఆ తలుపే కనపడుద్దక్కా."

అమ్మ తప్పేమీ లేదురా, ఆవిడకి తెలిసింది అదే, అన్నాను. గార్డు గడియారం చూసుకుంటూ దగ్గరికొచ్చాడు. ప్రసాదు ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. మా అక్క ఆశీర్వాదం కావాలన్నాడట. గార్డు రైలు పొడవునా చూసి, "టూ మినిట్స్, మేట్. నో మోర్," అన్నాడు.

"ఆ చివరికి వెళ్ళి నాకు ఎదురుగా నడిచి రా," అన్నాడు తమ్ముడు. "ఇంటి దగ్గర బయల్దేరింది లెక్కలోకి రాదు. నా ప్రయాణం ఇక్కడి నుంచి."

"పది రోజులే ఉందిరా. పరాచికాలాడే టైమా ఇది? రాకపోతే?"

"రాకపోతే వాళ్ళకి నేను నచ్చక రాదు. నీవల్ల ఎందుకు రాదు?"

నడిచాను. ప్లాట్‌ఫారం చివర పూలకుండీ దాకా వెళ్ళి వెనక్కి తిరిగాను. రైలు కిటికీల్లోంచి జనం చూస్తున్నారు. వాడు సూట్‌కేసు పక్కన పెట్టుకుని, బడిలో ప్రార్థనకి నిలబడ్డ పిల్లాడిలా నిటారుగా నిలబడ్డాడు. ఓ యాభై అడుగులుంటుంది. మొదటి పది అడుగులు నేల చూస్తూ వేశాను. ఆస్సుంతా కత్తెర పట్టుకుని నడిచిన నడక గుర్తొచ్చింది. ఆ తరవాత మామూలుగా నడిచాను. వాడు కూటమండ్రా ప్లాట్‌ఫారం మీద, అంతమంది ముందు, వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"వెళ్ళొస్తానక్కా," అన్నాడు.

"వెళ్ళిరా నాన్నా," అన్నాను. పదకొండేళ్ళ కిందట అనాల్సిన మాట.

గార్డు ఈల వేశాడు. రైలు కదిలాక బెంచీ దగ్గరికొచ్చి చల్లారిన టీ తాగాను. ఏడ్చానని వేరే చెప్పక్కర్లేదు.

సిడ్నీ రైలు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఎండ మీద పడకుండా ఉండాలంటే కుడివైపు సీటు అడగండి. గౌల్‌బర్న్ దాటేదాకా ఆస్సుంతా రొట్టె తింటూ నోటుపుస్తకం తిరగేశాను. ఫ్రెంచిలో ఆస్తి, రొమేనియాలో తుఫాను, ద్రాక్షతోటలో అదృష్టం. వాటన్నిటి తల్లి అయిన లాటిన్ మాటకి మాత్రం మంచీ లేదు, చెడూ లేదు. వచ్చిపడేది, అంతే. ఈ సంగతి ఇరవై ఆరేళ్ళు నల్లబల్ల మీద రాసి పిల్లల చేత వల్లె వేయించాను. ఒక్కరోజు కూడా నా గురించి అనుకోలేదు. గ్రిఫిత్ వెళ్ళేవాళ్ళు ఫిబ్రవరిలో వెళ్ళండి, ఎండ మండిపోతుంది గానీ వరి కనపడుతుంది. పళ్ళు తీసుకెళ్ళకండి. రాత్రి ఎనిమిది దాటాక సునీత హారికని వెంటబెట్టుకుని సెంట్రల్‌కి వచ్చింది. సునీత చెయ్యి ఇంటిదాకా వదల్లేదు.

మెల్‌బోర్న్ ఉద్యోగం ప్రసాదుకి రాలేదు. శుక్రవారం ఫోను వచ్చింది. నేను లేచి నా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. సోమవారం సిడ్నీలోనే, పారమట్టాలో ఇంకో ఇంటర్వ్యూ ఉంది. ఆ ఉదయం బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడి, అక్క వీధిలోంచి ఎదురు వస్తేనే కదులుతానన్నాడు. సునీత వచ్చి నా తలుపు తీసింది. ఆ పారమట్టా ఉద్యోగం వచ్చిందో లేదో ఇక్కడ రాయను. వచ్చిందంటే నా ఎదురు మంచిదంటారు, రాలేదంటే చెప్పలేదా అంటారు. నేను చెప్పులు వేసుకుని వీధి మొగదాకా వెళ్ళి, తిన్నగా వాడి ఎదురుగా నడిచి వచ్చాను.